గేరులో ఉండగా

మే 4, 2025, ఆదివారం

ఈ డైరీ జనవరిలో ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చింది. నాలుగు నెలలు బియ్యం డబ్బా మీద పడి ఉంది. నంద్యాల ఆసుపత్రిలో నర్సు, ఏ పూట ఏ మాత్ర వేశారో రాసి పెట్టుకోమని చెబితే దుమ్ము దులిపి తీశాను. నా భార్య సుబ్బలక్ష్మికి పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి రెండు. నొప్పి మరీ ఎక్కువైతే ఆ తెల్లది.

అయిదు మాత్రలకు ఇంత పేజీ ఎందుకు? మిగిలిన జాగాలో ఏదో ఒకటి రాస్తాను. ఎవరు చదవొచ్చారు గనక. ఆళ్లగడ్డలో ఇంటరు దాకా చదివినందుకు యాభై రెండేళ్లకు ఈ చేతికి పని పడింది.

జరిగింది ఇదీ. ఏప్రిల్ 9న నిమ్మతోటలో సాళ్ల మధ్య దున్నడానికి చిన్న ట్రాక్టరు తీశాను. పెద్ద ట్రాక్టరు ఆ సాళ్లలో పట్టదు, కొమ్మలు విరుగుతాయి. గొర్రు పైకి లేపాలంటే ఇంజను తిరగాలి. నేను వెనక గొర్రు దగ్గర ఉన్నాను. చక్రం ముందర నిలబడిన సుబ్బలక్ష్మిని కింద నుంచే కీ తిప్పమన్నాను. బండి గేరులో ఉంది. గేరులో ఉంటే సెల్ఫ్ తిరగకుండా ఆపడానికి గేరు రాడ్ కింద చిన్న స్విచ్చి ఉంటుంది. ఆ స్విచ్చిని తప్పించి ఎవరో తీగ కలిపి డైరెక్టు చేసి పెట్టారు. బండి ముందుకు దూకింది. వెనక చక్రం ఆమె కుడి కాలి మీదుగా పోయింది. చీలమండ దగ్గర రెండు చోట్ల విరిగింది. ప్లేటు వేసి ఏడు స్క్రూలు బిగించారు.

ఎవరో ఏమిటి, రహిమాన్. అబ్దుల్ రహిమాన్ అని, ఆళ్లగడ్డలో ట్రాక్టర్ల కరెంటు పని చేస్తాడు. ఫిబ్రవరిలో సెల్ఫ్ మోటారు ఆయన దగ్గరే బాగు చేయించాను. ఆసుపత్రిలో మా అన్న కొడుకు హరీష్ "ఎవడు సిన్నాయనా ఈ బండిని ముట్టుకునింది?" అని అరిస్తే, "ఫిబ్రవరిలో రహిమాన్ చేసినాడు" అన్నాను. నేను అన్నది అంతే.

మే 5

పొద్దున రెండు. మధ్యాహ్నం ఒకటి. రాత్రి రెండు.

మే 8

హరీష్ నోరు ఊరుకోదు. మా ఊళ్లోనే కాదు, అటూ ఇటూ రెండూళ్లలో చెప్పి వచ్చాడు. ఇప్పుడు రహిమాన్ దగ్గరికి ఈ దిక్కునుంచి ఒక్క బండి పోవడం లేదట. నేను పోవద్దని ఎవరికీ చెప్పలేదు.

మేము ఆసుపత్రిలో ఉండగానే హరీష్ ఆయన్ను పిలిపించి బండి చూపించాడట. ఆయన వంగి గేరు రాడ్ కింద చూశాడట. లేచి చేతులు తుడుచుకున్నాడట. ఒక్క మాట మాట్లాడకుండా స్కూటరెక్కి వెళ్లిపోయాడట. తప్పు లేనివాడైతే ఏదో ఒకటి అనడా?

సుబ్బలక్ష్మి వాకరు పట్టుకుని ఈరోజు గడప దాకా వచ్చింది.

మే 12

తోటలో గడ్డి మోకాలెత్తు. ట్రాక్టరు రేకుల కింద అట్లాగే ఉంది. కీ తిప్పితే ఉలకదు పలకదు. శిరివెళ్ల నుంచి నవాజ్ అనే మెకానిక్కును పిలిచాను. ఫోనులోనే కాళ్లబేరానికి వచ్చాడు.

"వద్దప్పా. మీ ఊరి బండి ముట్టుకుంటే రేపు నా పేరు గూడా పడ్తాది. నాకు పెండ్లాం బిడ్లు ఉండారు."

ఇంకో ఇద్దరిని అడిగాను. ఒకడికి పెళ్లి పనులు, ఒకడికి నడుం నొప్పి. థూ, ఏం మనుషులు.

మే 14

ఎవడి కాళ్లూ పట్టుకోను. బోరు మోటారు స్టార్టరు ఇరవై ఏళ్లుగా నేనే విప్పుతున్నాను, నేనే బిగిస్తున్నాను. ఈ పిట్టంత బండి ఒక లెక్కా? బ్యాటరీ పోయి ఉంటుంది అనుకుని కొత్తది తెచ్చి బిగించాను. కీ తిప్పాను.

టక్.

అంతే. ఇంకోసారి తిప్పినా టక్.

మే 15

టక్.

మే 19

కాలు ఫోటో తీయించడానికి నంద్యాల వెళ్లాం. ఎముక అతుక్కుంటోందట, ఇంకా బరువు మోపకూడదట. ఆమెను ఆసుపత్రి బెంచీ మీద కూర్చోబెట్టి స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్లాను. కొట్టులో ఫెబా అని నలభై ఏళ్ల ఆవిడ కూర్చుంటుంది. వాళ్ల నాయన ట్రాక్టర్ల కరెంటు మేస్త్రీ. ఆయన పోయినాక కొట్టు ఈమే చూసుకుంటోంది. సెల్ఫ్ మోటారు కొత్తది ఎంత అని అడిగాను.

"ఎందుకూ?" అంది.

"టక్ అంటాది. తిరగదు."

"టక్ అంటే సెల్ఫ్ పోయిందని ఎవరు చెప్పినారు? బ్యాటరీ సూసినావా?"

"కొత్తది ఏసినా."

"సూడకుండానే ఏసినావా!" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆడమనిషి ముందు అరవలేక నిలబడ్డాను. అంతలో ఆమె డ్రాయరు లాగి ఒక చిన్న ఇండికేటరు బల్బు తీసింది, హోల్డరులో పెట్టి రెండు తీగలు కలిపింది, ఒక కొసకు క్లిప్పు, ఇంకో కొసకు సూది. రెండు నిమిషాల పని.

"ఇదిగో. ఈ క్లిప్పు బాడీకి పెట్టు, సూది బ్యాటరీ కాడ పెట్టు. వెలుగుతాది. ఆడనుంచి తీగెమ్మట ఒగో అడుగు ముందుకు పో. యాడ దాకా వెలుగుతాదో ఆడిదాకా బాగున్నట్టు. యాడ ఆరిపోతాదో దానికీ ముందరిదానికీ నడుమ రోగం. మీటరు ఒగోసారి అబద్ధం చెప్తాది, బల్బు చెప్పదు."

తుప్పు పట్టిన తీగలో కూడా మీటరు పన్నెండు వోల్టులు చూపిస్తుందట. బల్బుకు మాత్రం నిజంగా కరెంటు పారితేనే వెలుగు. ఇది నాకు తెలియదు. ఇరవై ఏళ్లు స్టార్టరు విప్పినవాడికి ఇంత చిన్న సంగతి తెలియదు.

"గేరు కాడ సేఫ్టీ స్విచ్చి ఉండాదా, డైరెక్టు చేసినారా?" అని అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎందుకు అడుగుతున్నావు అని గదిమాను. "అన్ని పాత బండ్లూ డైరెక్టే గదన్నా, అందుకడిగినా" అంది. స్విచ్చి కూడా ఒకటి ఇవ్వమన్నాను. ఇచ్చింది.

"ఇంతకుముందు ఎవరు చేసేటోరు మీ బండి?"

"ఆళ్లగడ్డ రహిమాన్."

"మా నాయన కాడ పని నేర్చుకున్నాడు. ఆయన్నే అడగొచ్చు గదా?"

సుబ్బలక్ష్మి ఒక్కతే ఉందని చెప్పి వచ్చేశాను.

మే 21

ఈరోజు రాయాల్సింది చాలా ఉంది. సంతోషం అని రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అట్లాంటిదే.

సుబ్బలక్ష్మి మంచం రేకుల కిందకే వేయించుకుంది. ఇంట్లో ఉక్క అంది. నేను క్లిప్పు బాడీకి పెట్టి సూది బ్యాటరీకి ఆనించాను, వెలిగింది. సెల్ఫ్ మోటారు దగ్గర లావు తీగకు ఆనించాను, వెలిగింది. ఇక రోగం సెల్ఫ్‌దే అనుకున్నాను. అప్పుడు కీ తిప్పి పట్టుకుని మళ్లీ చూశాను. కీ తిప్పగానే బల్బు కొడిగట్టిన దీపంలా అయింది. క్లిప్పు తీసి బ్యాటరీ మైనస్ మీదే పెట్టాను. ఈసారి కీ తిప్పినా వెలుగు తగ్గలేదు.

అరగంట అట్లాగే కూర్చున్నాను. బోరు మోటారుకు మూడు తీగలు పోతాయి, మూడూ కంటికి కనబడతాయి. ట్రాక్టరుకు పోయే తీగ ఒక్కటే. తిరిగొచ్చే దారి బాడీయే, ఆ ఇనుమంతా తీగే. దాన్ని నేను ఎన్నడూ తీగ కింద లెక్క వేయలేదు. బ్యాటరీ నుంచి బాడీకి పోయే పట్టీ విప్పితే కింద బోల్టు చుట్టూ పచ్చటి చిలుం పిండి. ఎక్కడిది అనుకుంటున్నారు? ప్రతి దసరాకూ ఆయుధ పూజ అని బ్యాటరీ మీద నేనే పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి నీళ్లు పోస్తాను. పదేళ్ల టెంకాయ నీళ్లు ఆ బోల్టులోకి దిగాయి. నా భక్తి తగలెయ్య.

కీ తిప్పడానికి ఇంకో మనిషి ఉంటే పని సులువు. ఎవరినీ పిలవలేదు. ఒక చేత్తో కీ, ఒక చేత్తో బల్బు, మెడ బండి కిందికి. న్యూట్రల్‌లో ఉందో లేదో మూడుసార్లు చూసుకున్నాను.

నేను కింద తడుముకుంటుంటే మంచం మీద నుంచి సుబ్బలక్ష్మి అడిగింది.

"టార్చి కావాల్నా?"

వద్దన్నాను.

మే 23

పట్టీ గీకి, బాడీ మీద పెయింటు గీకి, బిగించాను. కీ తిప్పాను. తిరిగింది! పొగ కక్కి, దగ్గి, అందుకుంది. నాకు ఈల వేయాలనిపించింది.

మంచం వైపు చూస్తే సుబ్బలక్ష్మి లేదు. వాకరు ఈడ్చుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయింది. వెళ్లి చూస్తే గోడకు తిరిగి పడుకుని ఉంది, చెవుల మీద చీర కొంగు.

"ఆ తీగ తీసేసినావా?" అంది, ఇటు తిరక్కుండానే.

తీసేసినా అన్నాను.

రేపు తీస్తాను.

మే 24

పొద్దున రెండు. మధ్యాహ్నం ఒకటి. రాత్రి రెండు. వాన.

మే 30

రెండు ఎకరాలు దున్నాను. లైట్లు వెలగడం లేదు. ఫ్యూజు దగ్గర బల్బు వెలిగింది, లైటు స్విచ్చి దాటాక ఆరిపోయింది. స్విచ్చి విప్పి గీకి పెట్టాను. హారను కూడా పలికించాను. బండిలో ప్రతి తీగా ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో ఇప్పుడు నాకు తెలుసు. కాగితం మీద గీసి గోడకు అంటించాను కూడా.

గేరు రాడ్ కింద వైపు గీయలేదు. అక్కడ చెయ్యి పట్టదు. ఫెబా ఇచ్చిన స్విచ్చి గూట్లో కాగితంలోనే ఉంది.

జూన్ 9

ఆళ్లగడ్డకు సూక్ష్మ పోషకాల మందు కోసం వెళ్లాను. రహిమాన్ కొట్టు ముందు నుంచే దారి. అటు చూడకుండా పోవాలని తల వంచుకున్నాను.

"మద్దిలేటన్నా!"

ఆగక తప్పలేదు. ఎప్పుడూ నాలుగు బండ్లు నిలబడే జాగా ఊడ్చినట్టు ఉంది. ఆయన స్టూలు మీద కూర్చుని ఏదో పాత డైనమోకు చుట్టిన తీగ విప్పి మళ్లీ చుడుతున్నాడు. అరవై దాటాయి మనిషికి. గడ్డం నెరిసింది.

"కూకో. సుబ్బక్కకు ఎట్లుండాది?"

"నడస్తాంది. కర్ర పట్టుకుని."

"అల్లా దయ. టీ తాగుతావా?" అని తెప్పించాడు. తాగాను.

"బండి తిరుగుతాందంట గదా. ఎవరు చేసినారు?"

నేనే అన్నాను. పట్టీ సంగతి, టెంకాయ నీళ్ల సంగతి చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. "భేష్! బాడీ తీగని తెలుసుకునేకి నాకు రెండేండ్లు పట్టింది, దెబ్బలు తిన్నా ఉస్తాదు కాడ" అన్నాడు. పొగిడినందుకు నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఎందుకో తెలియదు.

లేస్తుంటే అన్నాడు. "స్విచ్చి కాడ ఉన్న తీగ సూసినావా అన్నా?"

"లేదు."

"సూడు. తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా సూడల్ల. నడిమధ్యలో సూసి చెప్పగూడదు."

అంతే. డైనమో మీదికి వంగాడు.

జూన్ 10

చూడలేదు. వాన.

జూన్ 14

చూశాను. నీలం తీగ. జానెడు. లావుగా ఉంది, బోరు మోటారుకు వేసే రకం. కొసలు మెలేసి, పైన సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి ఉంది.

బోరు తీగ ఎవరి దగ్గరైనా ఉంటుంది. ఈ చుట్టుపక్కల బోరు లేని చేను ఎక్కడుంది? సైకిల్ ట్యూబు ఎవరి దగ్గరైనా ఉంటుంది.

జూన్ 15

కొట్టంలో బోరు తీగ చుట్ట ఉంది. ఎరుపు, పసుపు, నీలం, మూడూ అతుక్కుని ఉంటాయి. ఒక కొసన ఎరుపు, పసుపు పొడుగ్గా ఉన్నాయి. నీలం ఒక జానెడు తక్కువ.

జూన్ 16

ఇది నా డైరీ. దీంట్లో కూడా అబద్ధం రాస్తే ఇక రాయడం ఎందుకు?

మార్చి 20, 22 ఆ ప్రాంతం. వాన పడి నేలకు దున్నే పదును వచ్చింది. పొద్దున్నే బండి తీస్తే సెల్ఫ్ తీసుకోలేదు. గేరు కింద స్విచ్చి పోయిందని రహిమాన్ ఫోనులోనే చెప్పాడు. "రెండు దినాలాగు అన్నా, కొత్తది తెచ్చి ఏస్తా. డైరెక్టు చేయొద్దు." రెండు రోజులు ఆగితే పదును పోతుంది అనుకున్నాను. బోరు స్టార్టరు ఎన్నిసార్లు డైరెక్టు చేయలేదు? కొట్టంలోంచి నీలం తీగ కోసుకొచ్చాను. బోరు తీగకు వేసినట్టే మెలేసి, నీళ్లు పోకుండా ట్యూబు చుట్టాను. ట్రాక్టర్ల పని చేసేవాడు ఎవడూ ఆ తీగ వాడడు, అట్లా చుట్టడు. ఆ ముడి చూస్తే చాలు, రైతు చేసిందని తెలుస్తుంది. రహిమాన్‌కు ఏప్రిల్‌లో వంగి చూసినప్పుడే తెలిసిపోయింది. లేచి చేతులు తుడుచుకున్నాడు.

బండి కింద చీకటిగా ఉంటే టార్చి పట్టుకున్నది సుబ్బలక్ష్మి. "ఎందుకయ్యా, రహిమానన్న వస్తాననె గదా, రెండు దినాలు ఆగరాదా" అంది. నోరు మూసుకుని సరిగ్గా పట్టుకో అన్నాను.

స్విచ్చి రెండు రోజుల్లో కాదు, మర్నాడే తెచ్చాడు రహిమాన్. బండి బాగుంది, అక్కర్లేదు అని పంపించేశాను.

ఆసుపత్రిలో నేను అబద్ధం చెప్పలేదు. ఫిబ్రవరిలో రహిమాన్ చేసినాడు అన్నాను. అది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని రెండు నెలలుగా కూర్చున్నాను. ఆ మాట అన్నప్పుడు సుబ్బలక్ష్మి స్ట్రెచరు మీద ఉంది, కళ్లు తెరిచే ఉంది. నా వైపు చూసింది. నేను సెలైను సీసా వైపు చూశాను.

జూన్ 17

మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తగ్గించారు.

జూన్ 28

మొహర్రం వచ్చింది, పీర్లు లేచాయి. ఊళ్లో అందరూ పీర్ల చావిడి దగ్గరే. హరీష్ కొత్త పేచీ పట్టుకొచ్చాడు. రహిమాన్ తప్పు ఒప్పుకోనూ లేదు, కాదనీ అనలేదు కాబట్టి పెద్ద పీరు ముందర ప్రమాణం చేయాలట. ఆ తీగ తాను వేయలేదని ఆయన, నేను వేయలేదని నేను.

"నువ్వెందుకు భయపడ్తాండావ్ సిన్నాయనా? నీదేం పోయింది? ఊదు పొగ మీద చెయ్యి పెట్టి ఒగ మాట అంటే అయిపాయ. ఆయప్ప అనలేడు సూడు."

పీర్ల ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడు మా ఊళ్లో ఎవడూ లేడు. మా నాయన కూడా గట్టు తగాదాలో ఆ చావిడి దగ్గరే ప్రమాణం చేశాడు. పీరుకు ఆయన పేరు మీద ఇప్పటికీ చాదరు పట్టుకుపోతాం.

ఆలోచిస్తా అన్నాను. సుబ్బలక్ష్మి గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి వింటోంది. హరీష్‌కు మజ్జిగ ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

జూలై 1

ప్రమాణంలో ఇట్లా అనొచ్చు: "నేను ఎవరికీ చెడు చేయాలని ఏ తీగా కలపలేదు." ఇది నిజమే.

లేకపోతే: "ఫిబ్రవరిలో సెల్ఫ్ పని చేసింది రహిమానే." ఇదీ నిజమే.

జూలై 2

ఇవి ఎందుకు రాశానో. సిగ్గు లేదు.

జూలై 5

సాయంత్రం బండి కిందికి దూరాను. తీగ కోసేద్దామని. తీగ లేకపోతే ఎవరూ ఏమీ చూపించలేరు అనుకున్నానో, ఇంకేమనుకున్నానో, ఇప్పుడు అడిగితే చెప్పలేను. రబ్బరు చుట్ట దగ్గర చెయ్యి కనబడలేదు.

కర్ర చప్పుడైంది. వెలుగు పడింది. సుబ్బలక్ష్మి. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో టార్చి. మార్చిలో ఎక్కడ పట్టుకుందో సరిగ్గా అక్కడే పట్టుకుంది. కటింగ్ ప్లేయరుతో రెండు కొసలా కోశాను. తీగ చేతిలో పడింది. ఆమె టార్చి ఆపి వెళ్లిపోయింది.

తీగ చొక్కా జేబులో ఉంది.

జూలై 6, ఆదివారం

ఈరోజు జరిగింది వరుసగా రాస్తాను.

పొద్దున పది గంటలకు చావిడి దగ్గర ఊరంతా ఉంది. రహిమాన్ స్కూటరు మీద వచ్చాడు, తెల్ల టోపీ, ఇస్త్రీ చొక్కా. పీర్లకు సేవ చేసే ముజావరు నిప్పుల్లో ఊదు వేశాడు. ముందు రహిమాన్‌ను పిలిచారు.

ఆయన పీరుకు దండం పెట్టుకుని వెనక్కి వచ్చాడు.

"నేను ప్రమాణం చేయనప్పా. జానెడు తీగకు పీర్లను పిలిసేదేంది? మద్దిలేటన్న ఏం చెప్తే అదే. ఆయన మాట సాలు నాకు."

గోల. హరీష్ తొడ కొట్టినంత పని చేశాడు. "సూసినారా! చేయలేడు! నేను చెప్పలే?" వెనక ఎవరో "అయిపాయ, ఒప్పుకున్నట్టే" అన్నారు. రహిమాన్ చెప్పులు వేసుకుంటున్నాడు. వేసుకుంటూ నా వైపు చూడను కూడా చూడలేదు.

దొంగకు తేలు కుట్టినట్టు మూడు నెలలు నోరు మూసుకున్నాను. ఇప్పుడు కూడా మూసుకుంటే సరిపోయేది. ప్రమాణం కూడా అక్కర్లేదు. ఆయన నాకు దారి వదిలాడు, ఏ వైపైనా పోవచ్చు. అంత దారి వదిలినవాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

జేబులోంచి తీగ తీశాను.

"ఇది మా బోరు తీగ" అన్నాను. గోలలో ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను. "ఇది మా బోరు తీగ. రహిమాన్ ఏసింది గాదు. నేనే ఏసినా. ఆయన ఏయొద్దని చెప్పినాడు గూడా. నా పెండ్లాం కాలు ఇరగ్గొట్టింది నేనే."

హరీష్ ముఖం మాడిన రొట్టె అయింది. "సిన్నాయనా, ఏందీ, మరి నువ్వే గదా..." అని ఆగిపోయాడు. ఒక ముసలాయన నేల మీద ఉమ్మేశాడు. నా వైపే అనుకుంటాను.

రహిమాన్ చెప్పులు విడిచి వెనక్కి వచ్చాడు. నా చేతిలోంచి తీగ తీసుకుని రబ్బరు చుట్ట వేలితో తిప్పి చూశాడు.

"గట్టిగా చుట్టినావన్నా. నీళ్లలో ఏసినా చెక్కుచెదరదు."

"తెలిసి గూడా ఎందుకు చెప్పలేదన్నా?" అని అడిగాను.

"నేను చెప్తే మీ ఊరు నమ్మేదా? నువ్వు కాదంటావు. సుబ్బక్క ముందర ఇంగో అబద్ధం ఆడ్తావు. దాని మీద ఇంగోటి." తీగ నా జేబులోనే తిరిగి పెట్టాడు. "మూడు నెల్లు ఖాళీగా కూకున్నా, అది మాత్రం మర్సిపోను. చెప్తాండా నీకు."

మర్చిపోవద్దన్నాను. ఇంకేం అంటాను.

జూలై 7

నిన్న నేను ఇంటికి చేరేలోపే సంగతి ఇంటికి చేరింది. సుబ్బలక్ష్మి అన్నం పెట్టింది. తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే అంది.

"టార్చి పట్టుకున్నదాన్ని నేను. ఆసుపత్రిలో నువ్వు సీసా పక్క సూసినావు. నొప్పి కంటే అది ఎక్కువాయ నాకు."

"నువ్వైనా చెప్పుండొచ్చు గదా."

"కాలు నాది. తీగ నీది. చెప్పాల్సింది ఎవరు?"

చెంబు కింద పెట్టి రేకుల కిందికి పోయి కూర్చున్నాను.

జూలై 9

రహిమాన్ వచ్చాడు. నేను పిలవలేదు, ఆయనే వచ్చాడు. గూట్లోంచి స్విచ్చి తీశాను. వేయమంటే వేయనన్నాడు. నన్నే వేయమని రేకుల కింద మంచం మీద కూర్చున్నాడు. రెండుసార్లు తప్పు బిగించాను, రెండుసార్లూ "ఊహుఁ" అన్నాడు. మూడోసారి బల్బు పెట్టి చూశాను. న్యూట్రల్‌లో కీ తిప్పితే వెలిగింది. గేరులో వేసి తిప్పితే ఆరిపోయింది. పది సార్లు చూశాను. గోడ మీద కాగితంలో మిగిలిపోయిన ఆ మూల కూడా గీశాను.

"ఇంగ సాలు. బాగుండాది" అన్నాడు రహిమాన్.

"నేను సూస్తా" అంది సుబ్బలక్ష్మి.

కర్ర పట్టుకుని వచ్చింది. బండి పక్కన, చక్రం ముందర, ఏప్రిల్‌లో తాను నిలబడిన చోటు చూపించింది.

"నువ్వు ఈడ నిలబడు."

నిలబడ్డాను.

"కాలు ఇంగా ముందుకు పెట్టు. నాది ఆడుండె."

కుడి కాలు చక్రం ముందు పెట్టాను. రహిమాన్ లేవబోయాడు, ఆమె చూసిన చూపుకు మళ్లీ కూర్చున్నాడు. ఆమె అవతలి వైపుకు పోయి, చెయ్యి చాచి గేరు వేసింది. గేరు పడిన చప్పుడు నాకు వెన్నులో వినబడింది. నన్ను చూసింది. ఈసారి నేను ఎటూ చూడలేదు, ఆమెనే చూశాను. నేను బిగించిన ప్రతి స్క్రూ గుర్తుకొచ్చింది, ఒక్కటి కూడా గట్టిగా బిగించినట్టు అనిపించలేదు.

కీ తిప్పింది.

ఏమీ కాలేదు.

మళ్లీ తిప్పింది. పట్టుకునే ఉంది. బండి కదల్లేదు, మూలగలేదు, టక్ అని కూడా అనలేదు. తోటలో ఏదో పిట్ట అరుస్తోంది.

ఆమె కీ తీసి నా చేతిలో పెట్టింది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

"ఊ. పక్కకు రా" అంది. "రహిమానన్నా, నువ్వు గూడా రా. అన్నం సల్లారిపోతాంది."